కంకర దారుల్లో సైకిల్: బయల్దేరే ముందు రోజే చూసుకోవాల్సినవి

వానలు తగ్గి నేల కాస్త గట్టిపడగానే గ్రావెల్ సైకిల్ (కంకర, మట్టి దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) ఉన్నవాళ్లకు కాళ్లు ఆగవు. పొలాల మధ్య మట్టి రోడ్లు, దిబ్బలెక్కి దిగుతూ పోయే కంకర దారులు, ఆ అవతల చెట్లలోకి దూరే బాట. కానీ నేను మోకాళ్లు గీరుకుని ఇంటికొచ్చిన రోజులు దాదాపు అన్నీ ఈ మొదటి రెండు మూడు వారాల్లోవే. వాన దారిని మార్చేసి ఉంటుంది. మనం మాత్రం పోయినసారి చూసిన దారే అనుకుని తొక్కేస్తాం.

ముందు దూరం సంగతి. కంకర మీద 60 కిలోమీటర్లు అంటే తారు రోడ్డు మీద 60 కాదు. తారు మీద గంటకు 25 తొక్కేవాళ్లు ఇక్కడ 16, 17 దాటకపోతే కంగారు పడక్కర్లేదు. ఎత్తుపల్లాల నేల ఇంకో మోసం చేస్తుంది. ఒక్కో ఎక్కుడు 35 మీటర్లే కదా అనిపిస్తుంది. అలాంటివి ఇరవై వస్తే 700 మీటర్లు ఎక్కినట్టే. చీకటి పడే సమయానికి రెండు గంటల ముందే ఇంట్లో ఉండేలా లెక్క వేసుకోండి. ఆ రెండు గంటలు పంక్చర్లకు, దారి తప్పడానికి.

రూట్ గీసేటప్పుడు కొమూట్, రైడ్ విత్ జీపీఎస్ లాంటి యాప్‌లు ‘కంకర’, ‘మట్టి’ అని చూపిస్తాయి. ఆ సమాచారంలో చాలా భాగం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌లో వాలంటీర్లు నింపిందే. ఎవరో ఎప్పుడో ఎండాకాలంలో రాసింది కావచ్చు. అందుకే అనుమానం ఉన్న ముక్కను ఉపగ్రహ చిత్రంలో పెద్దది చేసి చూడండి. రెండు చక్రాల జాడలు తెల్లగా కనిపిస్తే వాహనాలు తిరుగుతున్న దారి. గీత ఆకుపచ్చగా మారిపోతే గడ్డి కమ్మేసింది, అక్కడ నడవాల్సి రావచ్చు. మ్యాప్‌ను ఫోన్‌లోకి దించుకునే బయల్దేరండి. పల్లంలోకి దిగాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

టైర్లలో గాలి ఎంత అనేదాని మీద అందరూ వాదించుకుంటారు. 70 కిలోల మనిషికి, 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబ్ లేని) టైరుకు 30, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య మొదలుపెట్టి, అక్కడి నుంచి ఒక్కొక్కటి తగ్గించుకుంటూ చూడండి. మరీ తగ్గితే రాయి తగిలినప్పుడు రిమ్ ‘ఠక్’మంటుంది. ఆ చప్పుడు వస్తే వెంటనే కాస్త గాలి కొట్టండి. టైరు పక్కన అచ్చు వేసిన హద్దులు మాత్రం దాటొద్దు. లోపలి సీలెంట్, అంటే చిన్న చిల్లులను మూసే ద్రవం, కొన్ని నెలల్లో ఎండిపోతుంది. చక్రం తీసి చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలినట్టు వినపడాలి. చప్పుడు లేదంటే సీలెంట్ లేనట్టే.

ట్యూబ్‌లెస్ ఉంది కదా అని ట్యూబ్ ఇంట్లో వదిలేయొద్దు. ఒకసారి నా టైరు పక్క చీలింది, సీలెంట్ ఆపలేకపోయింది. ట్యూబ్ వేశాను, గాలి కొట్టాను, రెండు వందల మీటర్లకే మళ్లీ గాలి పోయింది. విప్పి చూస్తే టైరు లోపల నాలుగు ముళ్లు. నెలల తరబడి సీలెంట్ చప్పుడు లేకుండా మూసేసిన పాత ముళ్లవి. ట్యూబ్ పెట్టే ముందు టైరు లోపలంతా గుడ్డతో తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. వేలితో తడమకండి, వేలు తెగుతుంది. ఇవి కాక పంపు, టైరు చిల్లులో దూర్చే ప్లగ్గులు, మల్టీటూల్, తెగిన చైనును కలిపే, మీ చైనుకు సరిపోయే క్విక్ లింక్, డిరెయిలర్‌ను (గేరు మార్చే భాగాన్ని) ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ మీ ఫ్రేముకు సరిపోయేది ఒకటి బ్యాగులో ఉండాలి. హ్యాంగర్ విషయంలో పక్కవాడిది మీకు పనికిరాదు, ఆకారం ఫ్రేముకో రకం.

ఇక అసలు భయపడాల్సింది దిగుడు. ఎక్కేటప్పుడు పడితే నవ్వుకుని లేస్తాం. దిగేటప్పుడు పడితే అలా ఉండదు. వాహనాలు తిరిగే కంకర దారిలో చక్రాలు నడిచిన రెండు చాళ్లు గట్టిగా ఉంటాయి. వదులు రాళ్లన్నీ మధ్య గట్టు మీదికి, మలుపు బయటి అంచుకు చేరతాయి. వాన వెలిశాక ఆ గట్టి చాళ్లలోనే నీళ్లు కోసేసి కాలువ చేసి ఉండొచ్చు. కాబట్టి చూపు ముందు చక్రం మీద కాదు, పదిహేను ఇరవై మీటర్ల ముందు ఉండాలి. వేగం తగ్గించడమంతా మలుపు రాకముందు, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. మలుపులో వంగి ఉండగా ముందు బ్రేకు నొక్కితే చక్రం కింద నుంచి జారిపోతుంది, ఆలోచించే టైమ్ కూడా ఉండదు. చేతులు హ్యాండిల్ కింది వంపులో పెడితే బ్రేకు మీద పట్టు బాగా చిక్కుతుంది. మోచేతులు వదులుగా, బరువు పెడళ్ల మీద, ఒళ్లు కాస్త వెనక్కి. సైకిల్ కింద అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. బిగబట్టినవాడే పడతాడు.

ఎదుటివైపు కనపడని మలుపులో, దిబ్బ శిఖరం దగ్గర మాత్రం మీ పక్కకే ఉండండి. గట్టి చాలు అటు ఉంది కదా అని దాటి వెళ్లొద్దు. ఎదురొచ్చే ట్రాక్టరు కూడా అదే చాలులో వస్తుంది.

చెట్ల నీడలోకి దూరే చోటు ప్రత్యేకంగా చెప్పాలి. ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి వెళ్లినప్పుడు కళ్లు సర్దుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాల్లోనే గుంత వస్తుంది. ముదురు రంగు కళ్లద్దాలు అడవిలో పెట్టుకోకండి, తెల్లవి గానీ వెలుతురును బట్టి రంగు మారేవి గానీ మేలు. తడి వేరు సబ్బు ముక్కే. దాన్ని ఏటవాలుగా దాటితే చక్రం దాని వెంటే పోతుంది, వేరుకు సరిగ్గా అడ్డంగా, సైకిల్‌ను నిటారుగా ఉంచి దాటండి. తడిసిన చెక్క వంతెన, పశువులు దాటకుండా నేలలో వేసిన ఇనుప కమ్మీలు కూడా అంతే. వాటి మీద బ్రేకు, మలుపు రెండూ వద్దు. ఎండుటాకుల కుప్ప కింద ఏముందో ఎవరికీ తెలియదు. చెట్లు కొట్టే పని జరుగుతున్న బాటలో బోర్డు ఉంటే సెలవు రోజైనా వెనక్కి తిరగండి.

బురదతో పంతం పట్టొద్దు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు ఫ్లింట్ హిల్స్‌లో జరిగే అన్‌బౌండ్ అనే కంకర దారుల సైకిల్ రేసులో 2023లో వాన పడి, ఆరితేరిన రేసర్లు కూడా బంక మట్టిలో సైకిళ్లు భుజానికెత్తుకుని నడిచారు. మట్టి పేరుకున్న చైనును బలంగా తొక్కితే డిరెయిలర్ విరిగి చువ్వల్లో పడుతుంది. చక్రం బరువెక్కిందని తెలియగానే దిగండి, పుల్లతో గీకండి, గడ్డి అంచు మీదుగా నడవండి.

గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లండి. మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. ఆవుకూ దూడకూ మధ్యలోంచి దూరొద్దు. గుర్రాన్ని వెనక నుంచి దాటాల్సి వస్తే దూరం నుంచే మాట వినిపించి, రౌతు సరేనన్నాకే కదలండి. కుక్క వెంటపడితే చాలాసార్లు దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డంగా పెట్టుకుని నడిస్తే దాని ఆవేశం తగ్గుతుంది. గడ్డిలో కూర్చుని లేచాక మోకాలి వెనక, నడుము దగ్గర పిడుదులున్నాయేమో చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నూనె పోయడం, కాల్చడం వద్దు.

కింద పడి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే అనిపించినా ఆ రోజుకు సైకిల్ ఆపేయండి. హెల్మెట్ కూడా మార్చాల్సిందే. గీరుకున్న చోట ఇసుక లేకుండా మంచినీళ్లతో బాగా కడగండి. అందుకే ఒక సీసాలో ఉత్త నీళ్లే ఉండాలి, తీపి కలిపినవి కాదు.

ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో, ఎన్ని దాటితే కంగారు పడాలో ఒక మనిషికి రాసి పంపండి. వచ్చాక ‘వచ్చేశాను’ అని చెప్పడం మరవకండి. నేను ఓసారి మర్చిపోయి స్నానానికి వెళ్లాను. బయటికొచ్చేసరికి ఫోన్‌లో పదకొండు మిస్డ్ కాల్స్, గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న మా అన్నయ్య.