ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ క్లోన్ చేసేటప్పుడు దాక్కున్న పార్టిషన్లని మర్చిపోకండి

ఖమ్మంలో మా బావకి డీటీపీ షాపు ఉంది. ఆయన ల్యాప్‌టాప్‌లో పాత 500 జీబీ హార్డ్‌డిస్క్, ఆన్ చేసి పక్క కొట్లో టీ తాగొచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) పెట్టి విండోస్ ఫ్రెష్‌గా ఎక్కించుకుందాం బావా అంటే "అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్, ఆ సెట్టింగులన్నీ మళ్లీ ఎవడు పెడతాడ్రా" అన్నాడు, అదీ నిజమే. అంతకుముందు ఒక షాపులో డబ్బులిచ్చి క్లోన్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాని మీదకి కాపీ) చేయిస్తే వాళ్లు సి డ్రైవ్ ఒక్కటే కాపీ కొట్టి ఇచ్చారట, ఆన్ చేస్తే బూట్ డివైస్ లేదని నల్ల స్క్రీను, మళ్లీ పాత డిస్కే బిగించుకుని వచ్చాడు.

అసలు తేడా కొట్టేది అక్కడే. మనకి కనిపించేది సి, డి రెండే, కానీ డిస్క్ మీద ఇంకా పార్టిషన్లు, అంటే డిస్క్‌ని విడగొట్టిన భాగాలు, ఉంటాయి. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి అడ్మిన్‌గా ఓపెన్ చేసి డిస్క్‌పార్ట్ అని టైప్ చేయండి, తర్వాత లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, లిస్ట్ పార్టిషన్. బావ దాంట్లో ఏకంగా ఆరు వచ్చాయి: సిస్టమ్ 260 ఎంబీ, రిజర్వ్‌డ్ 16 ఎంబీ, సి, డి, చివర్న రికవరీ అని రెండు, ఒకటి 1 జీబీ లోపు ఇంకోటి 13 జీబీ. ఆ 260 ఎంబీ దాంట్లోనే బూట్ ఫైళ్లు ఉంటాయి, అది రాకపోతే సి మొత్తం చక్కగా కాపీ అయినా ల్యాప్‌టాప్ లేవదు. 16 ఎంబీది విండోస్ తన కోసం పక్కన పెట్టుకున్న జాగా, అందులో ఫైళ్లే ఉండవు. చిన్న రికవరీలో స్టార్టప్ రిపేర్, రీసెట్ లాంటివి ఉంటాయి, పెద్దది కంపెనీ వాడు పెట్టిన ఫ్యాక్టరీ కాపీ. ఈ లిస్టుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, చివర్లో పోల్చుకోవాలి.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు ఒక లెక్క చూసుకోండి. 500 జీబీ డిస్క్ విండోస్‌లో 465 అని చూపిస్తుంది, 480 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే 447 మాత్రమే, అంటే చవగ్గా వస్తుందని 480ది తెస్తే క్లోన్ మొదలే అవ్వదు, ముందు పార్టిషన్లు కుదించుకోవాలి, ఆ తలనొప్పి ఎందుకు. పాతదానికి సమానమో పెద్దదో తీసుకోండి. మేం 1 టీబీ తీసుకున్నాం. బయట తగిలించడానికి యూఎస్‌బీ 3 సాటా కేబుల్ కూడా కావాలి.

మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట కాపీ పెట్టుకోండి, క్లోన్ చేస్తున్నాం కదా బ్యాకప్ ఎందుకు అనుకోవద్దు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి, పసుపు రంగులో కాషన్ అని వచ్చి పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) కనిపిస్తే మామూలు క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు, అప్పుడు లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడాలి, అది చదవగలిగినవన్నీ ముందు లాగేసి పాడైన చోట్లకి తర్వాత వస్తుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసుకుని, దాన్ని ఆఫ్ చేసి, డీక్రిప్షన్ (ఆ తాళం విప్పడం) పూర్తిగా అయ్యేదాకా ఆగండి. తర్వాత సీఎండీలో చెక్‌డిస్క్ ఒకసారి నడిపి, షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉన్న డ్రైవ్‌ని క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ ముట్టుకోనంటుంది.

నేను వాడేది క్లోన్‌జిల్లా, ఫ్రీ. చూడ్డానికి పాతకాలం నీలం స్క్రీను, మౌస్ కూడా పనిచేయదు, కానీ పని మాత్రం పక్కా. రూఫస్ అనే టూల్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లో రాసి దాంతో బూట్ చేయండి. మొదట డివైస్ టు డివైస్, తర్వాత బిగినర్ మోడ్, తర్వాత డిస్క్ టు లోకల్ డిస్క్. దాని కింద పార్ట్ టు లోకల్ పార్ట్ అని ఇంకోటి ఉంటుంది, అది ఒక్కో పార్టిషన్‌కి, మనకొద్దు.

ఇప్పుడు ఊపిరి బిగబట్టే చోటు. సోర్స్ ఏది, టార్గెట్ ఏది అని అడుగుతుంది, పేర్లేమో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ. తారుమారు అయిందా, ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద కూర్చుంటుంది. సైజు, మోడల్ నంబర్ రెండూ చూడండి. నేనైతే ఎస్‌ఎస్‌డీ స్టిక్కర్ మీదున్న నంబర్‌ని బావ చేత పైకి చదివించి, స్క్రీన్ మీద అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే వై నొక్కా, అది మళ్లీ మళ్లీ అడుగుతుంది, విసుక్కోకుండా ప్రతిసారీ చదవండి. బూట్‌లోడర్ (విండోస్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) కూడా కాపీ చేయాలా అంటే అవుననండి. పార్టిషన్ టేబుల్ దగ్గర సోర్స్‌లో ఉన్నట్టే అనే ఆప్షన్‌ని అలాగే ఉంచండి. మాకు గంటన్నర పట్టింది, వాడిన జాగానే కాపీ చేస్తుంది కాబట్టి ఆ మాత్రంలో అయింది.

అయ్యాక రెండు డిస్కులూ తగిలించి ఉంచి విండోస్ ఆన్ చేయకండి. పాతది తీసి ఎస్‌ఎస్‌డీ బిగించి అప్పుడు ఆన్ చేయండి. సాటా డిస్క్ నుంచి ఎన్‌వీఎంఈకి (ఇంకా వేగమైన వేరే రకం ఎస్‌ఎస్‌డీ) మారితే నీలం స్క్రీన్‌తో ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని రావచ్చు, అలాంటప్పుడు ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ చేస్తే చాలాసార్లు దారికొస్తుంది. కొంతమంది క్లోన్‌కి ముందే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టేస్తారు, అలా చేస్తే పిన్ కాకుండా అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి.

లేచిందా, మళ్లీ డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ పార్టిషన్ కొట్టి ఫొటోతో పోల్చండి. ఆరుకి ఆరు, అవే సైజులు, అదే వరస ఉండాలి. తర్వాత రీఏజెంట్‌సీ కమాండ్‌కి స్లాష్ ఇన్ఫో తగిలించి కొట్టండి, విండోస్ రికవరీ ఎనేబుల్డ్ అనాలి. డిసేబుల్డ్ అంటే అదే కమాండ్‌కి స్లాష్ ఎనేబుల్. రికవరీ పార్టిషన్‌కి కొత్తగా డ్రైవ్ లెటర్ వచ్చి మై కంప్యూటర్‌లో కనిపిస్తుంటే అందులో ఏమీ పెట్టకండి, డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి ఆ లెటర్ తీసేయండి.

మిగిలిన 466 జీబీ చివర్లో ఖాళీగా పడి ఉంటుంది. డి డ్రైవ్‌ని పెంచుదామంటే ఎక్స్‌టెండ్ బటన్ నొక్కనివ్వదు, ఎందుకంటే మధ్యలో రికవరీలు రెండూ గోడలా ఉన్నాయి. జీపార్టెడ్ అనే టూల్‌తో వాటిని చివరికి జరపొచ్చు, కానీ నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం అని నేను ఆ ఖాళీలో ఈ (E) అనే కొత్త డ్రైవ్ చేసి ఇచ్చేశా, బావ పెళ్లి ఆల్బమ్‌లన్నీ ఇప్పుడు అందులోనే.

పాత డిస్క్‌ని నెల రోజులు పక్కన పెట్టమన్నా. మూడో రోజే ఫోను, "ఒరేయ్, ఎక్స్‌టర్నల్‌గా పెడితే కనిపించట్లేదు, పోయిందా?" అని. పోలేదు, రెండిటి ఐడీ ఒకటే కాబట్టి విండోస్ దాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టింది. ఆన్‌లైన్ అని నొక్కితే కనిపిస్తుంది గానీ దానికి కొత్త ఐడీ రాసేస్తుంది, ఆ తర్వాత అవసరమొచ్చి వెనక్కి బిగిస్తే బూట్ అవ్వకపోవచ్చు, అందుకే ముట్టుకోకుండా తీసి బీరువాలో పెట్టు బావా అన్నా.