ఎండల్లో భువనగిరి గుట్ట ఎక్కుతున్నారా? ముందు బ్యాగు సంగతి చూడండి

ఎండలు ముదిరాక భువనగిరి బండ పొద్దెక్కకముందే కాలడం మొదలుపెడుతుంది. గుట్టంతా ఒకే రాయి, నీడ కోసం వెతుక్కోవాల్సిందే. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నది ఈ బండ మీదే. హైదరాబాద్‌కు దగ్గర్లో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. కానీ చాలామంది కాలేజీ బ్యాగు తగిలించుకుని వచ్చేస్తుంటారు. నాకు టెన్షన్ అక్కడే.

ఆ బ్యాగు వీపుకు అంటుకుని ఉండదు, అడుగు మార్చినప్పుడల్లా ఊగుతుంది. నున్నటి వాలు మీద మనల్ని నిలబెట్టేది బూటు పట్టు. వెనక బరువు పక్కకి లాగిందంటే ఆ పట్టు జారుతుంది. ఛాతీ పట్టీ, నడుం పట్టీ ఉన్న 20 లీటర్ల సన్నటి బ్యాగు ఒక పూటకి చాలు. అంతకన్నా పెద్దది వద్దు, ఖాళీ కనిపిస్తే ఏదో ఒకటి కుక్కేస్తాం.

సర్దేటప్పుడు మొదటి చోటు నీళ్లది. మనిషికి మూడు లీటర్లు, అంటే మూడు కిలోలు. ఆ బరువు వీపుకు ఆనుకుని మధ్యలో ఉండాలి, అడుగున కాదు. తాగేకొద్దీ బ్యాగు వదులై లోపలి సామాను కదులుతుంది కాబట్టి ఆగిన చోటల్లా పక్క పట్టీలు బిగించండి. ఓఆర్ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. హెడ్‌ల్యాంప్ పగటి ట్రిప్పుకీ కావాలి. ఫోను, తాళాలు జిప్ ఉన్న అరలోకే వెళ్లాలి, పైనుంచి జారిన ఫోను కింద ఉన్నవాళ్లకి రాయితో సమానం.

హెల్మెట్ పెట్టుకుని, నింపిన బ్యాగు వేసుకుని ఇంట్లోనే ఒకసారి తల పైకెత్తి చూడండి. హెల్మెట్ వెనక భాగం బ్యాగుకి తగిలితే పైన పట్టు ఎక్కడుందో కనపడదు. పైభాగం తగ్గించి సర్దుకోండి.

రాపెలింగ్‌లో, అంటే తాడు సాయంతో కిందికి దిగేటప్పుడు, పట్టీల చివర్లే అసలు ప్రమాదం. వేలాడే పట్టీ తాడుతో పాటు డిసెండర్‌లోకి (దిగే వేగాన్ని అదుపు చేసే పరికరం) దూరిందంటే మధ్యలోనే ఇరుక్కుపోతారు. బరువంతా తాడు మీద ఉంటుంది కాబట్టి ఆ పట్టీని లాగినా రాదు. చివర్లన్నీ చుట్టి లోపలికి దోపండి, జుట్టు, చున్నీ కూడా అంతే. బ్యాగు నడుం పట్టీకి ఉండే లూపులు సామాను తగిలించుకోవడానికే. మనిషి బరువు పడే క్యారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) వాటికి ఎప్పుడూ వేయకండి, అది నడుముకీ తొడలకీ కట్టుకునే హార్నెస్‌కే ఉండాలి.

బండ అంచుల కింద తేనెపట్టు కనిపిస్తే ఆ దారి మానేయండి. సెంటు కొట్టుకుని రాకండి.

తోటివాళ్లు తడబడుతూ మాట్లాడుతున్నా, పొంతన లేకుండా జవాబిస్తున్నా వడదెబ్బే అనుకోండి. వెంటనే బ్యాగు తీయించి నీడకి చేర్చండి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.