కాగితంతో గది కట్టి, ఫోటో తీసి, చింపేయడం: థామస్ డెమాండ్ పద్ధతిలో ఒక ఫోటో చేయాలంటే

ముందు జర్మన్ కళాకారుడు థామస్ డెమాండ్ చేసిన ఒక ఫోటో చూడండి, నెట్‌లో సులువుగా దొరుకుతుంది. పేరు బాత్‌రూమ్, సంవత్సరం 1997. టైల్స్ గోడ, నీళ్లున్న టబ్, కింద కొంచెం ముడతపడి పక్కకు జరిగిన మ్యాట్. మనుషులెవరూ లేరు. చూడగానే ఏదో హోటల్ బాత్‌రూమ్ అనిపిస్తుంది, ఇంకాసేపు చూస్తే ఎక్కడా ఒక్క మరక లేదని, గీత లేదని, మ్యాట్ ముడతలు గుడ్డ ముడతల్లా లేవని ఒక్కొక్కటీ తట్టి, అప్పుడు అర్థమవుతుంది, అంతా కాగితం, అట్ట. 1987 అక్టోబరులో జెనీవాలో ఒక హోటల్ గది టబ్‌లో జర్మన్ రాజకీయ నాయకుడు ఊవె బార్షెల్ శవమై కనిపించారు, ఆ ఫోటో పత్రికలో అచ్చయ్యి దేశమంతా చూసింది. డెమాండ్ ఆ ఫోటోలోంచి మనిషిని తీసేసి, మిగతాదంతా కాగితంతో అసలు సైజులో కట్టి, దాన్ని ఫోటో తీసి, కట్టినదాన్ని నాశనం చేశారు. మిగిలింది ఫోటో ఒక్కటే.

ఈ పని ఇంట్లో చేయొచ్చు. నేను చేశాను, మీరూ చేయొచ్చు, ఖరీదైన కెమెరా కూడా అక్కర్లేదు. కానీ కాగితం కొనేముందు ఆయన ఇక్కడికి ఎలా వచ్చారో తెలిస్తే పనిలో సగం తప్పులు తగ్గుతాయి, అందుకే అది కూడా కలిపే చెప్తున్నా.

డెమాండ్ 1964లో మ్యూనిక్‌లో పుట్టారు. మొదట అక్కడే, తర్వాత డ్యూసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో, ఆ తర్వాత లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో చదివారు. డ్యూసెల్‌డార్ఫ్ అనగానే ఫోటోగ్రఫీ తెలిసినవాళ్లకు అక్కడ ఫోటోగ్రఫీ నేర్పిన బెచర్ దంపతులు, వాళ్ల శిష్యులు గుర్స్కీ, రుఫ్, స్ట్రూత్ గుర్తొస్తారు, కానీ డెమాండ్ ఆ క్లాసు మనిషి కాదు. ఆయన నేర్చుకుంది శిల్పం, అదే అకాడమీలో ప్రొఫెసర్ ఫ్రిట్జ్ ష్వెగ్లర్ దగ్గర. కాగితంతో బొమ్మలు కట్టేవారు, అవి ఎక్కువకాలం నిలవవు కాబట్టి గుర్తుకోసం ఫోటోలు తీసుకునేవారు. ఆ ఫోటోల్లో బొమ్మ సరిగ్గా వచ్చేది కాదు, చేత్తో పట్టుకుంటే బాగున్న వస్తువు లెన్స్‌లోంచి వంకరగా కనబడేది. దాంతో కంటికోసం ఒకటి, కెమెరాకోసం కొలతలు మార్చి ఇంకొకటి కట్టడం మొదలుపెట్టి, 1993 నాటికి మొదటిది వదిలేశారు. ఇక కట్టేదంతా ఫోటోకోసమే. ఆయన కెరీర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే, మనం మొదలుపెట్టాల్సింది కూడా ఇక్కడినుంచే: మీరు వస్తువు కట్టడం లేదు, ఒక చోట నిలబడిన ఒక కంటికోసం కడుతున్నారు. ముందు కెమెరా పెట్టండి, తర్వాతే కత్తెర పట్టుకోండి.

ఏ ఫోటో ఎంచుకోవాలి

ఆయన ఎంచుకున్నవి చూస్తే ఒక దారి కనబడుతుంది. 1994 నాటి గది అనే ఫోటో, 1944 జూలై 20న హిట్లర్ మీద బాంబు పేలిన సమావేశ గది. 1995 నాటి ఆఫీసు, తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ స్టాసీ కార్యాలయంలోకి 1990 జనవరిలో జనం చొరబడ్డాక ఎక్కడికక్కడ చెల్లాచెదురైన కాగితాలు. 2004 నాటి వంటగది, సద్దాం హుస్సేన్ దొరికిపోకముందు తిక్రిత్ దగ్గర దాక్కున్న చోట ఉన్న వంటిల్లు. 2011 నాటి కంట్రోల్ రూమ్, ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలోది, పైకప్పు పలకలు కిందికి వేలాడుతూ. పెద్దపెద్ద సంఘటనలు జరిగిన చాలా మామూలు చోట్లు ఇవన్నీ. ఎవరూ లేనప్పుడు చూస్తే బల్ల, కుర్చీ, గిన్నె, అంతే.

మీరు కూడా మీకు బాగా గుర్తున్న ఒక వార్తా ఫోటో తీసుకోండి, అందులో మనుషుల్ని చేత్తో కప్పి చూడండి. మిగిలిన చోటు చూసినా మీకు ఏదో గుర్తొస్తుంటే ఆ ఫోటో పనికొస్తుంది. ఫోటో లేకపోయినా పర్వాలేదు. 2001 మొదట్లో రోమ్‌లోని నైజర్ ఎంబసీలో దొంగతనం జరిగి లెటర్‌హెడ్లు, స్టాంపులు పోయాయి, తర్వాత దొంగ పత్రాలు పుట్టాయి, ఇరాక్ నైజర్ నుంచి యురేనియం కొనబోయిందని యుద్ధానికి ముందు అమెరికా చెప్పిన మాటల వెనక అవే ఉన్నాయి. ఆ ఎంబసీ లోపలి ఫోటోలు ఎక్కడా దొరక్కపోతే డెమాండ్ స్వయంగా వెళ్లి చూసొచ్చి, గుర్తున్నదాన్ని బట్టి కట్టారు. 2007లో అది ఎంబసీ అనే వరుస ఫోటోలయింది.

అంత బరువైన విషయం వద్దనుకుంటే 2008 నుంచి ఆయన చేస్తున్న డెయిలీస్ చూడండి. దారిన పోతూ తన ఫోన్‌లో తీసుకున్న చిన్నచిన్న ఫోటోలను కాగితంతో కట్టినవి. మొదటిసారి చేసేవాళ్లకు నేను వీటినే ముందు చూపిస్తాను, ఎందుకంటే ఒక కంచెకు ఇరుక్కున్న ప్లాస్టిక్ కప్పు కట్టడానికి ఒక ఆదివారం చాలు.

నేను ఎంచుకుంది ఎస్టీడీ బూత్ లోపలి మూల. పసుపు బోర్డుల బూత్‌లు ఇప్పుడు లేవు కానీ, ఆ అద్దాల డబ్బాలో నిలబడి మీటర్ మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే మాట తొందరగా ముగించిన టెన్షన్ మా వయసు వాళ్లందరికీ తెలుసు. చిన్న చోటు కూడా, వెడల్పు మూడడుగులు మించదు.

ఆ వెడల్పు సంగతి ముఖ్యం. డెమాండ్ దాదాపు అన్నీ అసలు సైజులోనే కడతారు. బొమ్మరిల్లులా చిన్నగా కడితే కాగితం మందం, అంచు అన్నీ వస్తువుకన్నా మోటుగా కనబడతాయి, కెమెరా దగ్గరికి తేవాల్సి రావడంతో వెనక భాగం మసకబారిపోయి చిన్నదని వెంటనే తెలిసిపోతుంది. అందుకని పెద్ద గదిని చిన్నగా చేయొద్దు, చిన్న మూలను అసలు సైజులో చేయండి.

కట్టడం

సరుకు మామూలే. స్టేషనరీ షాపులో రంగు చార్ట్ పేపర్, కొంచెం మందపాటి కార్డ్ షీట్, లోపల నిలబెట్టడానికి పార్శిల్ డబ్బాల అట్ట, కట్టర్, స్టీల్ స్కేలు, రెండువైపులా అంటుకునే టేపు. పెద్ద కాగితాలకు తెల్ల జిగురు పూయొద్దు, తడికి కాగితం అలలు తేలుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. నా బూత్ వెనక గోడ మొదటిది అలాగే పోయింది, రాత్రి బల్లపరుపుగా అంటించినది పొద్దున అప్పడంలా లేచి ఉంది. రంగులు కూడా పూయకండి, ఏ రంగు కావాలో ఆ రంగు కాగితమే కొనండి. తెల్ల కాగితం కొనేటప్పుడు రెండు మూడు రకాలు పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి నీలంగా, ఒకటి పసుపుగా ఉంటుంది, ఆ తేడాతోనే గోడను, బల్లను విడదీయొచ్చు.

ట్రైపాడ్ ఎక్కడ నిలబెడతారో నిర్ణయించి దాని కాళ్ల కింద నేలమీద టేపుతో గుర్తు పెట్టండి. ఇక పని అయ్యేదాకా అది కదలకూడదు. ఒక్కో ముక్క పెట్టగానే కెమెరాలోంచి చూడాలి, కంటితో కాదు. కెమెరాకు కనబడని వైపు కట్టనే వద్దు. నా బూత్‌కు ఎడమ గోడ లేదు, పైకప్పు లేదు, వెనక గోడను రెండు నీళ్ల క్యాన్లు పట్టుకుని నిలబెట్టాయి.

గుండ్రంగా ఉన్న వస్తువులే కష్టం. ఫోన్ రిసీవర్‌ను కాగితం చుట్టి చేయబోతే అది రిసీవర్‌లా రాలేదు. అప్పుడు డెమాండ్ 2006లో చేసిన గుహ గుర్తొచ్చింది. మయోర్కా దీవిలోని ఒక గుహ పోస్ట్‌కార్డ్ చూసి, దాన్ని కంప్యూటర్‌లో పొరలు పొరలుగా కోసి, 30 టన్నులకు పైగా అట్టను పొర మీద పొర పేర్చి కట్టారు. అదే పద్ధతి రిసీవర్‌కు వాడాను, పక్కనుంచి కనబడే ఆకారాన్ని నల్ల కార్డ్ షీట్ మీద నలభైసార్లు కోసి, ఒకదాని మీద ఒకటి అంటించాను. దగ్గరగా చూస్తే అంచున పొరల గీతలు తెలుస్తాయి, వాటిని అలాగే ఉంచాను. మెలికల వైరుకు నల్ల చార్ట్‌ను అర సెంటీమీటరు పట్టీలుగా కోసి పెన్సిల్‌కు బిగించి చుట్టి, రాత్రంతా ఉంచి పొద్దున మెల్లగా లాగితే స్ప్రింగులా వచ్చింది.

అతుకులు దాచొద్దని చెప్పడానికి ఇదే చోటు. డెమాండ్ ఫోటోల్లో అక్కడక్కడ పెన్సిల్ గీత, కాగితం కలిసిన చోటు కనబడుతుంటాయి. ఆయనకున్న నేర్పుతో అవి దాచలేరని కాదు. అవి లేకపోతే చూసేవాళ్లు మోసపోయి వెళ్లిపోతారు, ఆగి చూడరు.

తర్వాత, అక్షరాలు. స్టాసీ ఆఫీసు ఫోటోలో నేలనిండా కాగితాలే, ఒక్కదానిమీద కూడా అక్షరం లేదు. ఆయన ఫోన్లమీద అంకెలు ఉండవు, సీసాలమీద లేబుళ్లు ఉండవు. నేను మొదట బూత్ ఫోన్ పన్నెండు మీటలమీద అంకెలు రాసి ఒక ఫోటో తీసి చూశాను, కన్ను నేరుగా అక్కడికే పోయింది, మిగతా గదంతా ఏమీ కాకుండా పోయింది. మీటలు పీకి ఖాళీ తెల్ల చతురస్రాలు అంటించాను. మీటర్ కూడా అంతే, ఒక ఎర్ర కాగితం ముక్క, అంకెల్లేవు. ఇప్పుడు చూసినవాళ్లు ఎవరి బిల్లు వాళ్లు చదువుకుంటున్నారు. మరకలు, దుమ్ము, గీతలు కూడా వేయకండి, వాడిన గుర్తు ఏదీ ఉండకూడదు.

ఓపిక ఎంత కావాలో తెలియాలంటే 2003 నాటి క్లియరింగ్ చూడండి. ఎండ పడుతున్న చెట్ల గుంపు, అందులో 2,70,000 కాగితపు ఆకులు. లేదా 2012 నాటి పసిఫిక్ సన్. తుఫానులో చిక్కిన ఓడ లోపల కుర్చీలు, బల్లలు అటూ ఇటూ జారిపోయే సెక్యూరిటీ కెమెరా వీడియోను కాగితంతో, ఒక్కో ఫ్రేముకూ ఒక్కో వస్తువును కొద్దికొద్దిగా జరుపుతూ 2,400 ఫ్రేములుగా తీశారు, నడిచేది 100 సెకన్లు. మనకు అంత అక్కర్లేదు, రోజుకు రెండు గంటల చొప్పున నాకు మూడు వారాలు పట్టింది.

ఫోటో తీయడం

ఆయన వాడేది పెద్ద నెగటివ్ వచ్చే స్విస్ కెమెరా సినార్. మన దగ్గర ఏదుంటే అది. ఫోన్ అయితే మామూలు లెన్స్‌తో దగ్గరికి వెళ్లకండి, రెండు రెట్ల లెన్స్ పెట్టి వెనక్కి జరగండి, గీతలు వంగవు. కెమెరా అయితే ఐఎస్ఓ 100, అపర్చర్ 8 నుంచి 11 మధ్య, షట్టర్ ఎంత నెమ్మదిగా ఉన్నా పర్వాలేదు, టైమర్ పెట్టి దూరంగా జరగండి. ఫ్యాన్ ఆపండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌లో వైరు చిన్నగా ఊగినా మసకే.

లైటు మాత్రం మీరు ఎంచుకున్న అసలు ఫోటోలో నీడ ఎటు పడిందో చూసి అటునుంచే ఇవ్వండి. ట్యూబ్‌లైటు గది అయితే పైనుంచి, ప్రెస్ ఫ్లాష్ అయితే ఎదురుగా. ఎల్ఈడీ ముందు ట్రేసింగ్ పేపర్ కడితే చాలు.

ప్రింటు తీయించండి, ఎంత పెద్దగా వీలైతే అంత. ఆయన ఫోటోలు చాలావరకు మనిషంత ఉంటాయి, ఫ్రేము లేకుండా యాక్రిలిక్ వెనక అంటించి ఉంటాయి, గదిలోకి అడుగుపెట్టినట్టే అనిపించే సైజు. 2005లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో, 2009లో బెర్లిన్ నోయె నాత్సియోనాల్‌గాలరీ మ్యూజియంలో ఆయన పెద్ద ప్రదర్శనలు జరిగాయి, ఏళ్ల తరబడి ఇదే ఒక్క పద్ధతి పట్టుకుని ఆ స్థాయికి చేరడం నాకు పెద్ద ధైర్యం. ఆ తర్వాత హాంబర్గ్‌లో ప్రొఫెసర్ అయి ఆయన చెప్పింది కూడా శిల్పమే. పేరు పెట్టేటప్పుడు కథ చెప్పకండి, గది, ఆఫీసు, వంటగది, ఆయనలాగే ఒక్క మాట. నాది బూత్.

ఇక చింపడం. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఇంత కష్టపడి కట్టింది అటక మీద దాచుకుందామని. ఆయన ఉంచింది చాలా అరుదు, గుహ అలాంటిది, అది ఇప్పుడు మిలాన్‌లో ఫొందాజియోనె ప్రాదా అనే కళా సంస్థ దగ్గర ఉంది. మిగతావి దాదాపు అన్నీ పోయాయి. అసలు వస్తువు ఇంట్లో ఉన్నంతకాలం చూసినవాళ్లు ఫోటో వదిలేసి దానివైపే వెళ్తారు, ఎలా చేశావు, ఇది ఏ కాగితం అంటారు, ఫోటోలో ఉన్న చోటు గురించి ఒక్క మాట ఉండదు. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది, మూడో రోజు చింపాను.

కానీ తొందరపడి ఆ రాత్రే చింపకండి. ఫైలు రెండు చోట్ల దాచి, పొద్దున లేచి కంప్యూటర్‌లో పూర్తి సైజులో పెట్టి మూలమూలా చూడండి, నాకు ఫోన్ కింద అర అంగుళం నీలం టేపు అప్పుడే కనబడింది, సెట్ ఇంకా నిలబడి ఉంది కాబట్టి తీసేసి మళ్లీ తీయగలిగాను.