బధిర విద్యార్థి చదువుకొనే గదిని అమర్చడం ఎలా?

పక్కన ఎవరు నడుస్తున్నారో, వెనుక ఏ తలుపు తెరుచుకుందో మనకు చెవి చెబుతుంది. పుట్టుకతోనో పసితనంలోనో వినికిడి కోల్పోయిన బిడ్డకు ఆ కాపలా కూడా కళ్లే కాయాలి కాబట్టి, ఆ బిడ్డ ధ్యాస ఎదురుగా ఉన్న పుస్తకంతో పాటు ఓరలకూ పరుచుకొని ఉంటుంది. బధిరుల కంటిచూపే పదునెక్కుతుందని చాలామంది అనుకుంటారు గానీ, మారేది ధ్యాస పంపకం మాత్రమే. ప్రోక్ష్, బవెలియర్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో బధిరులను చూపు అంచున ఉన్న ఆటంకాలూ, వినగలిగినవారిని చూపు నడుమ ఉన్న ఆటంకాలూ ఎక్కువగా ఇబ్బంది పెట్టాయి. చిన్ననాటి నుంచీ సంజ్ఞా భాష వాడుతున్నా వినగలిగినవారిలో ఈ మార్పు లేదు. కనుక గుమ్మం వైపు చూసిన పిల్లవాడిని శ్రద్ధ లేదని దయచేసి గద్దించకండి.

ముందుగా కిటికీ సంగతి చూడాలి. నా ఉద్దేశంలో సగం పని అక్కడే ఉంది. విశాఖలోని ద్వారకానగర్ వంటి చోట్ల రోడ్డు వైపు గదిలో ఆటోలు, బస్సులు క్షణం ఆగకుండా ఓరగంటికి తగులుతుంటాయి. తెర కడదామంటే అక్కడి సముద్రపు గాలికి ఆ తెరే రెపరెపలాడి కొత్త ఆటంకమవుతుంది. అందువల్ల కూర్చున్న బిడ్డ కంటి ఎత్తు వరకు కిటికీ అద్దాలకు మందపాటి కాగితం అంటించి, పైభాగాన్ని వెలుతురుకు వదిలేయండి. ఫ్యాను గాలికి ఊగే గోడ క్యాలెండరును బిడ్డ వెనుక గోడకు మార్చండి. తూర్పు కిటికీ ముందు ఉపాధ్యాయుడు నిలబడితే, ఉదయపు ఎండలో ముఖమూ చేతులూ నీడలా నల్లబడి సంజ్ఞలు కనిపించవు.

బిడ్డ వీపు గోడ వైపు ఉండాలి, గుమ్మం ఎదుటి చూపులో పడాలి. వెనుక ఎవరూ తిరగరని తెలిస్తే మాటిమాటికీ తల తిప్పే అవసరం తగ్గుతుంది. ఇరుపక్కలా అట్టలు అడ్డుపెట్టడం మాత్రం తగదు, అది కాపలాను తీసేసి కలవరం పెంచుతుంది. పిల్లలు ఎక్కువమంది ఉంటే అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి.

బోర్డుపై రాస్తూ వివరించకండి. రాసి, చదవనిచ్చి, బిడ్డ కళ్లు మీ వైపు తిరిగాకే చెప్పండి. పిలవడానికి భుజం మీద మెల్లగా తట్టడం లేదా చూపు అంచున చేయి ఊపడం చాలు.

అన్నీ అమర్చాక ఆ కుర్చీలో మీరే కూర్చొని, ఎదుటి బోర్డును చూస్తూనే ఓరగంటికి కదిలేవేమిటో గమనించి, ఒక్కొక్కటిగా తొలగించండి.