పాత నేవీ లాగ్‌బుక్కులు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: తేదీ కాలమ్, గాలి కాలమ్

పోయిన రెండు పాఠాల్లో చేతిరాత, పేజీలో గళ్ళు ఎలా ఉంటాయో చూశాం కదా, ఇవాళ్టి నుంచి అసలు పని. చాలామంది లాగ్‌బుక్ (ఓడలో ఏ రోజు, ఏ గంటకి ఏం జరిగిందో రాసే పుస్తకం) తెరవగానే కుడి పక్కన ఉండే రిమార్క్స్ మీద పడిపోతారు, ఎక్కడైనా సముద్రపు పాము కనపడిందేమో, ఎవడైనా కొరడా దెబ్బలు తిన్నాడేమో అని. అవీ ఉంటాయి, కాదనను, కానీ నన్నడిగితే అసలు సరుకు ఎడమ పక్కన బోరుగా కనపడే అంకెల్లోనే ఉంది, అవి చదవడం వస్తేనే రిమార్క్స్ కూడా సరిగ్గా అర్థమవుతాయి.

ముందు తేదీ సంగతి. పాత పద్ధతిలో సముద్రం మీద రోజు అర్ధరాత్రి మొదలవదు, మధ్యాహ్నం 12కి మొదలవుతుంది. ఎందుకంటే సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు కొలత తీసి ఓడ ఎక్కడుందో లెక్క కట్టేవాళ్ళు, ఆ లెక్కతో ఒక రోజు ముగిసి ఇంకోటి మొదలయ్యేది. అది కూడా మన క్యాలెండర్ కంటే 12 గంటలు ముందే మొదలైపోతుంది. అంటే లాగ్‌లో 22వ తేదీ అని ఉంటే, అందులో ముందు పీఎం గంటలు వస్తాయి, అవి మన లెక్కలో 21 మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. తర్వాత వచ్చే ఏఎం గంటలే నిజంగా 22 పొద్దున.

దీనికి బెస్ట్ ఉదాహరణ ట్రఫాల్గర్ యుద్ధం, బ్రిటిష్ నేవీ ఫ్రాన్స్, స్పెయిన్ ఓడల్ని ఓడించిన సముద్ర యుద్ధం. జరిగింది 1805 అక్టోబర్ 21 మధ్యాహ్నం అని అందరికీ తెలుసు, కానీ బ్రిటిష్ ఓడల లాగ్‌లు తీస్తే యుద్ధం చాలావరకు 22వ తేదీ కింద కనపడుతుంది. కొత్తగా చదివేవాళ్ళు ఇక్కడే కంగారు పడి ఎవరో తప్పు రాశారు అనుకుంటారు. తప్పేం లేదు, పద్ధతే అంత. విచిత్రం ఏంటంటే ఇకమీదట అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి రాయండని బ్రిటిష్ నేవీ ఆర్డర్ ఇచ్చింది కూడా ఆ అక్టోబర్‌లోనే, యుద్ధంలో ఉన్న ఓడలకి మాత్రం అది టైముకి అందలేదు. బ్రిటిష్ సేనాపతి నెల్సన్ చనిపోయిన సంగతి ఆయన ఉన్న విక్టరీ ఓడ లాగ్‌లో ఎంత పొడిగా ఉంటుందో చూడండి, నాలుగున్నర దాకా అక్కడక్కడా కాల్పులు నడిచాయి, గెలిచామని ఆయనకి చెప్పాక గాయంతో చనిపోయాడు, అంతే, ఒకే వాక్యం. లాగ్ రాసేవాడి పని ఏడవడం కాదు, ఏం జరిగిందో, ఎన్నింటికి జరిగిందో రాయడం. ఆ టైములు కూడా ఒక ఓడకి ఇంకో ఓడకి కలవవు, ఎవడి గడియారం వాడిది, కాబట్టి నిమిషాల దగ్గర మరీ పట్టుపట్టకండి.

అమెరికన్ నేవీ అయితే 1848 దాకా పాత పద్ధతే. ఇంకో చిక్కు, రేవులో ఆగి ఉన్నప్పుడు మామూలు క్యాలెండర్ రోజే రాసేవాళ్ళు. దాంతో ఓడ బయల్దేరిన రోజు 12 గంటలే ఉంటుంది, రేవు చేరిన రోజు 36 గంటలు అవుతుంది. లెక్క తేడా వస్తే ముందు ఇది చెక్ చేయండి.

ఇప్పుడు గాలి. బ్యూఫోర్ట్ అనే నేవీ ఆఫీసర్ 1806 ప్రాంతంలో తన కోసం రాసుకున్న 0 నుంచి 12 స్కేల్‌ని బ్రిటిష్ నేవీ 1838లో అందరికీ తప్పనిసరి చేసింది. 0 అంటే ఆకు కదలదు, 12 అంటే ఏ తెరచాపా ఆగదు. దాని పక్కనే ఒంటి అక్షరాలు ఉంటాయి, బి అంటే నీలాకాశం, సి అంటే విడివిడి మబ్బులు, ఓ అంటే పూర్తిగా మబ్బు కమ్మింది, ఆర్ వాన, ఎఫ్ పొగమంచు, క్యూ ఈదురుగాలి, టీ ఉరుము, ఎల్ మెరుపు. "ఓ క్యూ ఆర్, 9" అని ఉంటే సీన్ మొత్తం కళ్ళ ముందుకి వచ్చేయాలి మీకు. దిక్కు మాత్రం గాలి ఎటు నుంచి వస్తోందో అదే, ఎటు పోతోందో కాదు. దిక్సూచిలో 32 గీతలు ఉంటాయి గానీ మనకి ఎనిమిది చాలు, వాస్తు పుణ్యమా అని ఈశాన్యం, ఆగ్నేయం అందరికీ నోటికొచ్చు.

ఈ బోరు కాలమ్ విలువ తెలియాలంటే జీనెట్ కథ వినాలి. 1879లో డి లాంగ్ అనే అమెరికన్ నేవీ ఆఫీసర్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం వైపు తీసుకెళ్ళిన ఓడ అది, మంచులో ఇరుక్కుని దాదాపు రెండేళ్ళు కొట్టుకుపోయి 1881 జూన్‌లో మునిగిపోయింది. వాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మంచు మీద నడుస్తూ కూడా ఆ బరువైన లాగ్‌బుక్కులు వదల్లేదు, సైబీరియాలో లీనా నది డెల్టా దగ్గర పాతిపెట్టారు, డి లాంగ్ అక్కడే ఆకలితో, చలితో పోయాడు, బతికి బయటపడ్డ ఇంజనీర్ మెల్విల్ వెనక్కి వెళ్ళి వాటిని తవ్వి తెచ్చాడు. 2010లో మొదలైన ఓల్డ్ వెదర్ అనే ప్రాజెక్టులో మామూలు జనమే ఆ పేజీలు కంప్యూటర్‌లోకి ఎక్కించారు, అప్పటి ఆర్కిటిక్‌లో చలి, మంచు ఎలా ఉండేవో వాటి నుంచే లెక్క కడుతున్నారు.

ఇక మన బంగాళాఖాతానికి వద్దాం. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అని ఒకాయన, సైక్లోన్ అనే పేరు 1848లో పెట్టింది ఆయనే, తుఫానులో చిక్కుకున్న ఓడల లాగ్‌లు పోగేసి తుఫాను కన్ను ఎక్కడుందో కాగితం మీద గీసేవాడు. 1839 నవంబర్‌లో మన కోరంగిని ముంచిన తుఫాను మీద కూడా అలాగే రాశాడు. (దాంట్లో 20 వేల ఓడలు పోయాయని నెట్‌లో తిరుగుతుంటుంది, ఒక్క రేవులో 20 వేల ఓడలా, నేనైతే నమ్మను.)

ఆయన చేసింది మీరూ చేయొచ్చు. భూమధ్యరేఖకి ఉత్తరాన తుఫాను గాలి గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, కాబట్టి గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను మధ్యభాగం సుమారుగా మీ కుడిచేతి వైపు ఉంటుంది, నిజానికి కొంచెం వెనక్కి. లాగ్‌లో గాలి ముందు ఉత్తరం, తర్వాత వాయవ్యం, తర్వాత పడమర అని మారింది అనుకోండి. ఉత్తరానికి తిరిగి నిలబడితే కుడి చెయ్యి తూర్పు, వాయవ్యానికి తిరిగితే ఈశాన్యం, పడమరకి తిరిగితే ఉత్తరం. అంటే తుఫాను తూర్పు నుంచి వచ్చి ఓడకి ఉత్తరం పక్కగా దాటిపోయింది. గాలి దిక్కు మారకుండా బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచే పరికరం) మాత్రం పడిపోతూ ఉంటే తుఫాను నేరుగా ఓడ మీదకే వస్తోందని అర్థం.

హోంవర్క్, ఇది నేను కల్పించిన లాగ్. బంగాళాఖాతంలో, రేవు వదిలి చాలా రోజులైన 1840 నాటి అమెరికన్ నేవీ ఓడ, తేదీ నవంబర్ 16. పీఎం 9కి గాలి ఈశాన్యం, ఓ క్యూ ఆర్. ఏఎం 3కి తూర్పు, బారోమీటర్ బాగా పడింది. ఏఎం 9కి ఆగ్నేయం, బారోమీటర్ లేస్తోంది. మొదటి ఎంట్రీ మన క్యాలెండర్‌లో ఏ తేదీ? తుఫాను ఓడకి ఏ పక్క నుంచి దాటింది? కాగితం మీద గీసి చూడండి, జవాబు 4వ పాఠం మొదట్లోనే ఇస్తా, అందులో శిక్షలు, రేషన్ లెక్కలు చూద్దాం.