వెతికినా దొరకదు, వరుస కుదరదు: జాంగో రెస్ట్ ఏపీఐలో సెర్చ్, ఆర్డరింగ్ సమస్యలు – పరిష్కారాలు

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోకు జోడింపైన జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన ఏపీఐకి (ఇతర ప్రోగ్రాములు డేటా అడిగి తీసుకునే ద్వారానికి) వెతికే సౌకర్యాన్నీ, ఫలితాలను కోరిన వరుసలో ఇచ్చే సౌకర్యాన్నీ జోడించడం చూడటానికి మూడు లైన్ల పని. వ్యూలోని 'ఫిల్టర్_బ్యాకెండ్స్'లో సెర్చ్‌ఫిల్టర్‌నూ ఆర్డరింగ్‌ఫిల్టర్‌నూ చేర్చి, ఏ ఫీల్డుల్లో వెతకాలో 'సెర్చ్_ఫీల్డ్స్'లోనూ, ఏ ఫీల్డుల మీద వరుస మార్చుకోవచ్చో 'ఆర్డరింగ్_ఫీల్డ్స్'లోనూ రాస్తే సరిపోతుంది. చిక్కేమిటంటే, వీటిలో ఏది తప్పినా సర్వర్ చాలాసార్లు ఎర్రర్ ఇవ్వదు. అంతా సవ్యమే అని చెప్పే స్టేటస్ 200తోనే తప్పు జాబితాను పంపుతుంది. గ్రంథాలయ కేటలాగులో వెతికిన పాఠకుడు ఆ పుస్తకం అక్కడ లేదని నమ్మి వెళ్లిపోతాడు, ఆ సంగతి మన లాగ్‌లలో ఎక్కడా నమోదు కాదు. సర్వర్ ఆగిపోతే పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు కాబట్టి, ఈ మౌనంగా జరిగే తప్పే ఎక్కువ హానికరమని నా అభిప్రాయం.

ఇక్కడ తెలుగు పుస్తకాల కేటలాగు ఏపీఐని, దాని వెనుక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. పుస్తకానికి శీర్షిక, రచయిత, విషయాలు, ప్రచురణ సంవత్సరం, ధర ఉంటాయి. రచయిత ఫారిన్ కీ (రచయితల పట్టికలోని ఒక రికార్డును చూపే ఫీల్డు), విషయాలు మెనీ-టు-మెనీ సంబంధం (ఒక పుస్తకానికి అనేక విషయాలు, ఒక విషయానికి అనేక పుస్తకాలు).

ముందుగా ఎస్‌క్యూఎల్ చూడాలి

ఏ లక్షణం కనిపించినా కోడ్ మార్చే ముందు, ఆ అభ్యర్థనకు తయారైన ఎస్‌క్యూఎల్‌ను, అంటే డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నను, చూడటం మొదటి మెట్టు. క్వెరీసెట్‌కు (జాంగోలో డేటాబేస్ ప్రశ్నను సూచించే ఆబ్జెక్ట్‌కు) ఉన్న 'క్వెరీ' గుణాన్ని ప్రింట్ చేసినా, డీబగ్ మోడ్‌లో 'జాంగో.డీబీ.బ్యాకెండ్స్' లాగర్‌ను డీబగ్ స్థాయికి మార్చినా అది కనిపిస్తుంది. వెతికిన పదంతో 'వేర్' షరతు అసలు లేకపోతే ఫిల్టర్ నడవలేదని అర్థం. షరతు ఉండి కూడా ఫలితం రాకపోతే లోపం పదంలోనో డేటాలోనో ఉంది. 'ఆర్డర్ బై' విషయంలోనూ ఇదే పరీక్ష. ఈ ఒక్క చూపుతో సగం దారులు మూసుకుపోయి, వెతకాల్సిన చోటు తేలుతుంది.

లక్షణం: ఏ పదంతో వెతికినా మొత్తం జాబితా వస్తోంది

ఎస్‌క్యూఎల్‌లో షరతు లేదు, అంటే ఫిల్టర్ నడవలేదు. దీనికి తరచుగా కనిపించే కారణం, వ్యూ నేరుగా ఏపీఐవ్యూ నుంచి రావడం. 'ఫిల్టర్_బ్యాకెండ్స్' గుణాన్ని పట్టించుకునేది జనరిక్ వ్యూలే. సాదా ఏపీఐవ్యూలో దాన్ని రాసినా ఎవరూ చదవరు. జనరిక్ వ్యూ అయినప్పటికీ 'లిస్ట్' మెథడ్‌ను మనమే తిరిగి రాసి, అందులో 'గెట్_క్వెరీసెట్' ఫలితాన్ని నేరుగా సీరియలైజర్‌కు (రికార్డులను జేసన్‌కు తగిన రూపంలోకి మార్చే భాగానికి) ఇస్తే అదే జరుగుతుంది. ఆ ఫలితాన్ని 'సెల్ఫ్.ఫిల్టర్_క్వెరీసెట్' గుండా పంపితే సమస్య తీరుతుంది.

సెట్టింగ్స్‌లోని డిఫాల్ట్ జాబితాలో సెర్చ్‌ఫిల్టర్ ఉన్నా, వ్యూలో మరో ఫిల్టర్ కోసం 'ఫిల్టర్_బ్యాకెండ్స్' రాసినప్పుడు ఆ జాబితా డిఫాల్ట్‌కు చేరదు, దాని స్థానంలోకి వస్తుంది. కాబట్టి కావలసినవన్నీ వ్యూలోనే తిరిగి రాయాలి. 'సెర్చ్_ఫీల్డ్స్' రాయడం మరిచిపోయినా, క్లయింట్ పంపే పరామీటర్ పేరు వేరుగా ఉన్నా సెర్చ్‌ఫిల్టర్ ఏమీ అనకుండా క్వెరీసెట్‌ను వచ్చినది వచ్చినట్టే తిరిగి ఇచ్చేస్తుంది.

లక్షణం: పుస్తకం ఉంది, కానీ వెతికితే దొరకడం లేదు

సెర్చ్‌ఫిల్టర్ వచ్చిన వాక్యాన్ని ఖాళీల దగ్గర, కామాల దగ్గర విడగొడుతుంది. విడిపోయిన ప్రతి పదమూ ఏదో ఒక ఫీల్డులో తప్పక ఉండాలి. పదాల మధ్య 'మరియు', ఫీల్డుల మధ్య 'లేదా' అన్నమాట. పాఠకుడు నాలుగు పదాలు రాసి, అందులో ఒక్కటి కేటలాగులో వేరే వర్ణక్రమంతో ఉంటే ఫలితం సున్నా. పదబంధాన్ని యథాతథంగా వెతకాలంటే రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ 3.15 నుంచి కొటేషన్ గుర్తుల మధ్య రాయవచ్చు. ఫీల్డు పేరు ముందున్న గుర్తును కూడా గమనించాలి: '^' ఉంటే ఆ పదంతో మొదలైతేనే, '=' ఉంటే పూర్తిగా సరిపోతేనే దొరుకుతుంది; ఏ గుర్తూ లేనప్పుడే మధ్యలో ఎక్కడున్నా పట్టుకుంటుంది. 'సెర్చ్_ఫీల్డ్స్'లో రచయిత అనే ఫారిన్ కీని మాత్రమే రాస్తే మాత్రం ఎర్రర్ బిగ్గరగానే వస్తుంది. రెండు అండర్‌స్కోర్‌లతో రచయిత పట్టికలోని పేరు ఫీల్డు దాకా వెళ్లాలి.

ఇవన్నీ సరిచూశాక కూడా తెలుగు శీర్షికలు దొరకకపోతే, అసలు కారణం కంటికి కనిపించని అక్షరం కావచ్చు. ఇది తెలుగు డేటాతో పని చేసేవారందరూ తెలిసి ఉండవలసిన విషయం కనుక కొంత వివరంగా చెబుతాను. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట్' కింద 'వ' ఒత్తు పడకుండా ఉండేందుకు కొన్ని కీబోర్డులు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరాన్ని ఉంచుతాయి. దాని వెడల్పు సున్నా, యూనికోడ్‌లో దాని స్థానం 8204. కేటలాగులో చేర్చినవారు ఆ అక్షరంతో రాసి, వెతికేవారు అది లేకుండా 'సాఫ్ట్వేర్' అని రాస్తే, మనిషికి రెండూ ఒకే పదం, డేటాబేస్‌కు మాత్రం రెండు వేర్వేరు స్ట్రింగులు. అనుమానం వస్తే పైథాన్‌లో రెండు స్ట్రింగుల పొడవును 'లెన్' తో కొలిచి చూడాలి. ఒక అంకె తేడా వస్తే కారణం దొరికినట్టే. ఐత్వం గుర్తు విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది: యూనికోడ్‌లో 'ై' ఒకే అక్షరంగానూ రావచ్చు, 'ె' తో పాటు కింది ఐత్వ చిహ్నం కలిసి రెండు అక్షరాలుగానూ రావచ్చు. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు పద్ధతులను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) ఈ రెండో తేడాను సరిచేస్తుంది కానీ, జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను తొలగించదు.

పరిష్కారం కోసం అసలు శీర్షికను ముట్టుకోకూడదు. ఆ అక్షరాన్ని శీర్షికలోంచి తీసేస్తే తెర మీద పదం వికృతంగా ఒత్తు పడి కనిపిస్తుంది. వెతకడానికి మాత్రమే ఒక ప్రత్యేక కాలమ్ పెట్టి, శీర్షికను ఎన్ఎఫ్‌సీలోకి మార్చి, జాయినర్, నాన్ జాయినర్ అక్షరాలు తీసివేసిన రూపాన్ని అందులో ఉంచాలి. సెర్చ్‌ఫిల్టర్ నుంచి ఒక సబ్‌క్లాస్ రాసి, 'గెట్_సెర్చ్_టర్మ్స్' ఇచ్చే ప్రతి పదానికీ అదే శుద్ధి జరపాలి; ఒక వైపు మాత్రమే శుద్ధి చేస్తే అంతకు ముందు దొరికేవి కూడా దొరకకుండా పోతాయి. ఆ కాలమ్‌ను మోడల్ 'సేవ్' మెథడ్‌లో నింపితే, 'బల్క్_క్రియేట్', 'అప్‌డేట్' ద్వారా వచ్చిన రికార్డులలో అది ఖాళీగానో పాతదిగానో మిగులుతుంది, ఎందుకంటే అవి 'సేవ్'ను పిలవవు. జాంగో 5.0లో వచ్చిన జనరేటెడ్‌ఫీల్డ్‌తో ఆ బాధ్యతను డేటాబేస్‌కే అప్పగించడం మేలు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి 'నార్మలైజ్' ఫంక్షన్ అందుబాటులో ఉంది.

విభక్తులు, బహువచనాల సమస్య వేరు. 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకాలు' దొరకదు, ఎందుకంటే పదం చివరి సున్న అక్కడ లేదు. పోస్ట్‌గ్రెస్ ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌లో తమిళానికి, హిందీకి ధాతువును వేరుచేసే స్టెమర్లు ఉన్నాయి గానీ తెలుగుకు లేదు. ఫుల్ టెక్స్ట్ సెర్చ్ కోసం ఫీల్డు పేరు ముందు '@' గుర్తు పెట్టినంత మాత్రాన ఇది తీరదు.

లక్షణం: ఒకే పుస్తకం ఒకే పేజీలో రెండు మూడు సార్లు వస్తోంది

విషయాల పట్టికతో జాయిన్ చేసినప్పుడు, పదం ఎన్ని విషయాలలో ఉంటే పుస్తకం అన్నిసార్లు వస్తుంది. 'సెర్చ్_ఫీల్డ్స్' ద్వారా వెళ్తే ఫ్రేమ్‌వర్క్ ఈ పునరావృతిని తానే తొలగిస్తుంది. 'గెట్_క్వెరీసెట్'లో మనం సొంతంగా రాసిన షరతుల నుంచి వచ్చే పునరావృతి మాత్రం మన బాధ్యతే. అలాంటిచోట 'డిస్టింక్ట్' కన్నా 'ఎగ్జిస్ట్స్' ఉపక్వెరీ మంచిది. అది రికార్డులను పెంచి తర్వాత తగ్గించే పని పెట్టుకోదు, తర్వాత వేసే ఆర్డరింగ్‌తోనూ గొడవ పడదు.

లక్షణం: ఆర్డరింగ్ పరామీటర్ పంపినా వరుస మారడం లేదు

అనుమతి లేని ఫీల్డు పేరు వస్తే ఆర్డరింగ్‌ఫిల్టర్ దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేసి, వ్యూలోని డిఫాల్ట్ 'ఆర్డరింగ్'ను వాడుతుంది. స్పెల్లింగ్ తప్పు కూడా ఇలాగే మాయమవుతుంది. జేసన్‌లో కనిపించే పేరు, మోడల్‌లోని పేరు వేరైనప్పుడు క్లయింట్ జేసన్ పేరునే పంపుతాడు, అది న్యాయం కూడా. ఫిల్టర్ మాత్రం మోడల్ వైపు పేరునే గుర్తిస్తుంది. సబ్‌క్లాస్‌లో పేర్లను జతపరిచే చిన్న పట్టిక పెట్టి, 'రిమూవ్_ఇన్‌వాలిడ్_ఫీల్డ్స్'లో చెల్లని పేరు కనిపిస్తే అభ్యర్థన తప్పని చెప్పే స్టేటస్ 400 తో, అనుమతించిన పేర్లను చెబుతూ తిప్పికొట్టడం క్లయింట్ రాసేవారికి చేసే పెద్ద మేలు.

'ఆర్డరింగ్_ఫీల్డ్స్' అసలు రాయకపోతే సీరియలైజర్‌లో చదవగలిగే ఫీల్డులన్నిటి మీదా వరుస అనుమతించబడుతుంది. బయటకు కనిపించకూడని విలువల మీద వరుస మార్చే వీలు ఇస్తే, ఆ వరుస నుంచే విలువను కొద్దికొద్దిగా ఊహించవచ్చు. కాబట్టి ఈ జాబితాను ప్రతి వ్యూలోనూ స్పష్టంగా రాయాలి.

మరొక రూపం: 'గెట్_క్వెరీసెట్'లో సారూప్యత ప్రకారం పేర్చిన ఫలితాలు తీరా వచ్చేసరికి శీర్షికల వరుసలో వస్తాయి. డిఫాల్ట్ 'ఆర్డరింగ్' ఉంటే ఆర్డరింగ్‌ఫిల్టర్ పాత 'ఆర్డర్ బై'ని పూర్తిగా తీసేసి తనది వేస్తుంది. వెతికే పదం ఉన్నప్పుడు డిఫాల్ట్ వరుసను ఆపే షరతు 'గెట్_డిఫాల్ట్_ఆర్డరింగ్'లో పెట్టాలి.

లక్షణం: మొదటి పేజీలోని పుస్తకం రెండో పేజీలోనూ ఉంది, మరొకటి ఏ పేజీలోనూ లేదు

ధర ప్రకారం వరుస కోరారు, 150 రూపాయల పుస్తకాలు అరవై ఉన్నాయి, పేజీకి ఇరవై. ఆ అరవైలో ఏది ముందో మనం చెప్పలేదు కాబట్టి డేటాబేస్ తన వీలును బట్టి పేరుస్తుంది. ప్రతి పేజీ ఒక విడి క్వెరీ. లిమిట్, ఆఫ్‌సెట్ మారగానే పోస్ట్‌గ్రెస్ వేరే పద్ధతిలో సార్ట్ చేయవచ్చు, సమాన ధరల మధ్య క్రమం మారిపోవచ్చు. అసలు వరుసే లేనప్పుడు జాంగో 'అనార్డర్డ్ ఆబ్జెక్ట్ లిస్ట్' అనే హెచ్చరిక ఇస్తుంది. వరుస ఉండి సమాన విలువలు ఉన్నప్పుడు ఆ హెచ్చరిక రాదు, అందువల్లే ఈ లోపం పరీక్షలు దాటి వెళ్లిపోతుంది. ఆర్డరింగ్‌ఫిల్టర్ సబ్‌క్లాస్‌లో 'గెట్_ఆర్డరింగ్' తిరిగి ఇచ్చే జాబితా చివర ప్రైమరీ కీని ఎప్పుడూ చేర్చాలి. పేజీలు తిప్పుతుండగా కొత్త పుస్తకాలు చేరే కేటలాగు అయితే కర్సర్ పేజినేషన్‌కు (ఆగిన రికార్డు నుంచే కొనసాగే పద్ధతికి) మారాలి, ఎందుకంటే ఆఫ్‌సెట్‌తో కొత్త రికార్డు చేరినప్పుడల్లా మిగిలినవి ఒక స్థానం జరుగుతాయి.

లక్షణం: సంవత్సరం లేని పుస్తకాలు అన్నిటికన్నా ముందు వస్తున్నాయి

పోస్ట్‌గ్రెస్ నల్‌ను (విలువే లేని స్థితిని) అన్ని విలువల కన్నా పెద్దదిగా చూస్తుంది. అవరోహణలో అవే ముందుంటాయి. ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్ దాన్ని చిన్నదిగా చూస్తాయి, కాబట్టి సొంత కంప్యూటర్‌లో ఎస్‌క్యూలైట్‌తో పరీక్షించినవారికి ఇది కనిపించదు. ఎఫ్ ఎక్స్‌ప్రెషన్‌తో 'నల్స్_లాస్ట్' అని చెబితే చాలు.

లక్షణం: తెలుగు శీర్షికల వరుస నిఘంటువులా లేదు

కొలేషన్ అంటే డేటాబేస్ పాటించే అక్షరక్రమ నియమం; 'సి' కొలేషన్ అక్షరాలను యూనికోడ్ స్థానాల ప్రకారం పేరుస్తుంది. అక్కడ 'ఱ' 'ర' పక్కనే, 'ళ' 'ల' పక్కనే ఉన్నాయి; మన వర్ణమాలలో అవి 'హ' తర్వాత వస్తాయి. ఫలితంగా 'కళ'తో మొదలయ్యే శీర్షికలు 'కవి' కన్నా ముందు వస్తాయి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ కొలేషన్లు ఉన్నాయి, వాటిలో తెలుగుది కూడా ఉంది, జాంగో 3.2 నుంచి ఫీల్డుకు 'డీబీ_కొలేషన్' ఇవ్వవచ్చు. దాన్ని పెట్టాక 'కల, కళ, కవి, కర, కఱ, కహ' లాంటి కొద్ది పదాలతో వరుసను సరిచూసుకోవాలి. సంస్థ పాటించే నిఘంటువు క్రమం ఇంకా భిన్నమైనదైతే, ప్రతి అక్షరానికీ స్థానసంఖ్య ఇచ్చి తయారుచేసిన సార్ట్ కీని వేరే కాలమ్‌లో భద్రపరచి దాని మీద వరుస వేయాలి.

లక్షణం: ఫలితాలు సరైనవే, కానీ చాలా ఆలస్యంగా వస్తున్నాయి

పదం మధ్యలో ఎక్కడున్నా వెతకమన్నప్పుడు మామూలు బీ-ట్రీ ఇండెక్స్ పనికిరాదు. పదాలను మూడేసి అక్షరాల ముక్కలుగా (ట్రైగ్రామ్‌లుగా) చూసే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్‌తో జిన్ అనే రకం ఇండెక్స్ కావాలి. చాలామంది ఇక్కడిదాకా వచ్చి, ఇండెక్స్ పెట్టినా వేగం పెరగలేదని ఆశ్చర్యపోతారు. కారణం ఎస్‌క్యూఎల్‌లోనే ఉంది: పోస్ట్‌గ్రెస్ మీద జాంగో 'ఐకంటెయిన్స్'ను (గుర్తు లేని ఫీల్డుకు సెర్చ్‌ఫిల్టర్ వాడే షరతును) కాలమ్‌కు 'అప్పర్' ఫంక్షన్ తొడిగి పంపుతుంది. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాలు లేకపోయినా ఆ తొడుగు ఉంటుంది, సాదా కాలమ్ మీది ఇండెక్స్ దానికి సరిపోదు. ఇండెక్స్‌ను కూడా 'అప్పర్' ఎక్స్‌ప్రెషన్ మీదే, 'జిన్_టీఆర్‌జీఎం_ఆప్స్'తో కట్టాలి. నడుస్తున్న డేటాబేస్‌లో రాతలు ఆగకుండా ఉండాలంటే మైగ్రేషన్‌లో 'యాడ్‌ఇండెక్స్‌కంకరెంట్లీ' వాడి, ఆ మైగ్రేషన్‌ను అటామిక్ కాకుండా గుర్తించాలి.

డేటాబేస్ లోకేల్ 'సి' అయితే తెలుగు అక్షరాలను అక్షరాలుగానే గుర్తించక, వాటి నుంచి ట్రైగ్రామ్‌లు తయారు కావు. 'షో_టీఆర్‌జీఎం' ఫంక్షన్‌కు 'పుస్తకం' ఇచ్చి చూస్తే ఖాళీ జాబితా వస్తుంది. అలా వస్తే ముందు లోకేల్ సంగతి చూడాలి. మూడు అక్షరాల కన్నా చిన్న పదాలకు ఈ ఇండెక్స్ సహాయం అందదు కాబట్టి కనీస పొడవును ఏపీఐలోనే నిర్ణయించడం సబబు. శీర్షిక, రచయిత పేరు వేర్వేరు పట్టికలలో ఉండి మధ్య 'లేదా' ఉన్నప్పుడు రెండు ఇండెక్స్‌లనూ కలిపి వాడటం డేటాబేస్‌కు సాధ్యం కాదు. రచయిత పేరును కూడా వెతికే కాలమ్‌లోనే చేర్చి ఒకే ఇండెక్స్‌కు తేవడం ఇక్కడ సరైన మార్గం, రచయిత పేరు మారినప్పుడు దాన్ని తిరిగి నింపే ఏర్పాటుతో సహా. అయితే జనరేటెడ్ కాలమ్ వేరే పట్టికలోని విలువను చదవలేదు, కాబట్టి ఆ పనికి ట్రిగ్గర్ రాయాలి. తర్వాత 'ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్'లో సీక్వెన్షియల్ స్కాన్ స్థానంలో బిట్‌మ్యాప్ ఇండెక్స్ స్కాన్ వచ్చిందో లేదో చూడాలి. కొద్ది వందల రికార్డులున్న పట్టికలో ప్లానర్ ఇండెక్స్‌ను పక్కనపెట్టడం సహజం కనుక, ఈ పరీక్షను అసలు కేటలాగు పరిమాణంలో ఉన్న డేటా మీదే చేయాలి.