ఉన్ని తీసే కరెంటు మిషన్ బిగువు ఎంత ఉండాలి?

దక్కనీ గొర్రెలు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు కాబట్టి ఆ పెంపకందార్లకు ఈ పని దాదాపు పడదు.

కొత్త మిషన్ కొన్నవాళ్లలో ఎక్కువమంది బిగువు స్క్రూను (రెండు బ్లేడ్లను ఒకదానికొకటి నొక్కిపట్టేది) గట్టిగా తిప్పేస్తారు. అక్కడే బ్లేడ్లు పాడవుతాయి. ముందు ప్లగ్ తీసేయండి. కింది దువ్వెన బ్లేడు పళ్ల కొసలు పై బ్లేడు కంటే ఒకట్రెండు మిల్లీమీటర్లు ముందుకు ఉండేలా అమర్చండి. కొసలు సమానంగా ఉంటే గొర్రె చర్మం తెగుతుంది, ఇది మాత్రం మర్చిపోవద్దు. తర్వాత వేలికి బిగువు తెలిసేదాకా స్క్రూ తిప్పి, ఆపైన కొద్దిగా బిగించండి. ఉన్ని తెగకుండా లాగుతుంటే ఇంకో పావు చుట్టు చాలు. అప్పటికీ లాగితే బ్లేడ్లు మొద్దుబారినట్టే, రెంటినీ కలిపి సానపట్టించాలి.

పది పదిహేను నిమిషాలకోసారి ఆపి, పళ్ల మధ్య నాలుగు చుక్కలు మిషన్ ఆయిల్ వేయండి. వంటనూనె వద్దు, జిగురు కడుతుంది. అప్పుడే చేతి వెనకభాగంతో బ్లేడును తాకి చూడండి. మీ చేతికి చురుక్కుమంటే గొర్రె పొట్ట కింది పల్చటి చర్మం కాలుతుంది పాపం. చల్లారాకే మొదలుపెట్టండి.

తడిసిన గొర్రెను ఆ రోజు వదిలేయండి. కొట్టంలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) పెట్టించండి, వైరు గొర్రె కాళ్ల కింద పడకుండా పైనుంచి వేలాడదీయండి. పనయ్యాక మిషన్‌కు గాలి వెళ్లే జాలీ దులిపి, బిగువు వదులు చేసి దాచండి.